నీట్ ఫారం ముందుకి కదలడం లేదు. డిగ్రీ మధ్యలో మానీసినోళ్ళు అర్హత పరీక్ష దగ్గర ఏ కోడ్ పెట్టాలి?

జీడిపిక్క | 2025 మార్చి 5, రాత్రి 11:40
సాయంత్రం ఆరింటి నుంచి ఇంటర్నెట్ సెంటర్లో కూచున్నాను. ఇప్పుడు ఇంటికొచ్చి ఫోన్లో చూస్తున్నాను. ఏదీ అవడం లేదు. సెంటర్ అతను "డిగ్రీ చదివావు కదా, 06 పెట్టు" అన్నాడు. అది పెడితే డిగ్రీ పాసైన సంవత్సరం అడుగుతోంది. నేను పాసవ్వలేదు కదా! వెనక్కెళ్తే రాసిందంతా పోతోంది. ఎల్లుండే ఆఖరు తేదీ. డిగ్రీ మధ్యలో మానీసినోళ్ళు నీట్‌కి పనికిరారా ఏటి? తల పగిలిపోతోంది. ఎవరైనా ఒక్క ముక్క చెప్పండి.

గంటస్తంభం
ఇంటర్ ఏ గ్రూపు, ఎప్పుడు పాసయ్యారు, వయసెంత, కేటగిరీ ఏంటి? ఇవేవీ చెప్పకపోతే ఎవరు మాత్రం ఏం చెప్తారు?

జీడిపిక్క
నీట్ అడుగుతున్నానంటే బైపీసీయే కదండీ. 2019లో పాసయ్యాను. 24 ఏళ్ళు. బీసీ.

గంటస్తంభం
రాయొచ్చు. గరిష్ఠ వయసు లేదు. డిగ్రీ ఊసెత్తకండి, ఇంటర్ పెట్టండి.

రాగోలు రోడ్డు
చెల్లీ, కంగారు పడకు. నేనిప్పుడు మూడో ఏడు ఎంబీబీఎస్. నీట్‌కి కావాల్సిన అర్హత ఇంటర్మీడియట్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటిలో కలిపి జనరల్ వాళ్ళకి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం ఉంటే చాలు. డిగ్రీలో ఎన్ని సబ్జెక్టులు తప్పినా ర్యాంకుని తగ్గించేవాళ్ళు లేరు. 06 బీఎస్సీ పాసై, దాన్నే అర్హతగా చూపించేవాళ్ళకి. 01 ఈ ఏడాది పరీక్ష రాస్తున్నవాళ్ళకి. నువ్వు 03 పెట్టు, అందులో ఇంటర్మీడియట్ అనే ఉంటుంది.

తోటపాలెం నాన్న
03 కాదు, 02. మా అమ్మాయి మన ఇంటర్ బోర్డే, 02 పెట్టింది. సీటొచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు.

రాగోలు రోడ్డు
ఎవరూ అనకపోవడం వేరండీ. బులెటిన్ తీసి చూడండి, ఇంటర్మీడియట్ అన్న మాట ఎక్కడుందో.

తోటపాలెం నాన్న
చూశాను. ప్లస్‌టూతో సమానమైనది అని 02లో ఉంది. మనది ప్లస్‌టూ కాక మరేంటి?

బొబ్బిలి మాస్టారు
నాయనలారా, కోడ్ల మీద కొట్టుకుంటున్నారు గానీ అసలు తప్పు వేరేచోట జరుగుతోంది. పైన ఒకాయన 50 శాతం అన్నారు. అది ఇంటర్ మార్కులకి. నీట్‌లో ఉన్నది శాతం కాదు, పర్సంటైల్. ముప్పైరెండేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ రెండూ ఒకటే అనుకునే తల్లిదండ్రులు రోజుకొకరు తగులుతున్నారు. నిరుడు 2024లో జనరల్ వాళ్ళకి అర్హత మార్కు 162. మొత్తం 720. శాతం కడితే 22.5. అయినా దాన్ని 50వ పర్సంటైల్ అంటారు, ఎందుకంటే రాసినవాళ్ళలో సగం మంది ఆ గీతకి కిందే ఉన్నారు. బీసీ, ఎస్సీ, ఎస్టీలకి గీత 127 దగ్గర గీశారు, అది 40వ పర్సంటైల్. ఆ గీత దాటితే అర్హత వచ్చినట్టు, అంతే. సీటు వచ్చినట్టు కాదు! 130 వచ్చిందని స్వీట్లు పంచినవాళ్ళని చూశాను.

గంటస్తంభం
మాస్టారూ, ఆ అమ్మాయి అడిగింది కోడ్.

బొబ్బిలి మాస్టారు
అడగనిది కూడా చెప్పేవాణ్ణే మాస్టారంటారు.

జీడిపిక్క | మార్చి 6, ఉదయం 6:15
రాత్రి నిద్రపోయాను, క్షమించండి. మొత్తం చెప్తాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 తిత్లీ తుఫానుకి మా జీడితోటా కొబ్బరీ అన్నీ పడిపోనాయి. అప్పుడు ఇంటర్ రెండో ఏడు. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి విజయవాడ పంపించే స్తోమత లేక విజయనగరంలో ఓ ప్రైవేటు కాలేజీలో బీఎస్సీలో చేరాను. కోవిడ్ వచ్చింది. తర్వాత నాన్నకి కిడ్నీ. వారానికి మూడుసార్లు డయాలసిస్. మూడో ఏడు మధ్యలో మానీసాను. ఇప్పుడు మందుల షాపులో ఉంటున్నాను, రాత్రుళ్ళు చదువుతున్నాను. కాలేజీలో తప్పిన సబ్జెక్టులు చూసి ఎవరైనా వద్దంటారేమోనని నా భయం.

రాగోలు రోడ్డు
ఎవరూ అనరు. ఇక్కడ ఇంటర్వ్యూ లేదు, ఎందుకు మానావని అడిగే కమిటీ లేదు. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఈసారి నుంచి ఛాయిస్ తీసేశారు, మూడు గంటల్లో అన్నీ చెయ్యాలి. సగం ప్రశ్నలు బయాలజీయే, అది నీకు కలిసొస్తుంది. కోచింగ్‌కి డబ్బు లేకపోతే ఐఐటీ కాన్పూర్ వాళ్ళ ఆన్‌లైన్ కోచింగ్ సాథీ ఉచితం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మాత్రం వదలకు.

వంశధార గట్టు
ఉద్దానం అన్నారు కాబట్టి చెప్తున్నాను. అక్కడి కిడ్నీ రోగాల మాటకొస్తే ముందు నీళ్ళ సంగతి తేలాలి. హిరమండలం నుంచి 700 కోట్లతో నీళ్ళు తెచ్చారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. బాగుంది. మరి రోగం ఎందుకొస్తోందో? నీళ్ళంటారు, సిలికా అంటారు, పురుగుమందులంటారు, ఎండలో పని అంటారు. ఎన్ని బృందాలొచ్చాయో, ఎన్ని రక్తనమూనాలు పట్టుకెళ్ళారో! మా పెదనాన్న దగ్గరే నాలుగుసార్లు తీశారు. ఒక్క రిపోర్టూ మా ఇంటికి రాలేదు.

తోటపాలెం నాన్న
నిజమే. కవిటిలో మా బావగారిదీ అదే కథ.

గంటస్తంభం
దీనికి వేరే చర్చ పెట్టుకోండి. రేపే ఆఖరు.

జీడిపిక్క
03 పెట్టాను, తీసుకుంది. ఇంకోటి. ఒరిజినల్స్ ఇప్పుడు కావాలా? అవి కాలేజీలోనే ఉండిపోనాయి.

రాగోలు రోడ్డు
అదా! ఇది కదా తల్లీ ముందు చెప్పాల్సింది! ఫారానికి అక్కర్లేదు. ఫొటో, సంతకం, వేలిముద్రలు, నీ కేటగిరీ పత్రం లాంటివే అడుగుతారు. కానీ ర్యాంకు వచ్చాక విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి ఇంటర్ మెమో, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ అన్నీ కావాలి. టీసీ ఇవ్వాల్సింది ఆఖరిగా చదివిన కాలేజీయే. ఎందుకు ఆపారు?

జీడిపిక్క
ఫీజు. రీయింబర్స్‌మెంట్ డబ్బులు అప్పట్లో అమ్మ ఖాతాలో పడేవి. రెండు విడతలు పడ్డాయి. నాన్నని విశాఖ తీసుకెళ్ళినప్పుడు ఖర్చయిపోనాయి. కాలేజీకి కట్టలేదు.

తోటపాలెం నాన్న
అమ్మా, అవి కాలేజీకి కట్టాల్సిన డబ్బులు. తప్పు మీదే కదా. అయినా పోలీస్ స్టేషన్లో సర్టిఫికెట్లు పోయాయని రాసిచ్చి బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకో, గోలే ఉండదు.

గంటస్తంభం
పోనివాటిని పోయాయని పోలీసులకి రాసివ్వమంటున్నారా? ఆ పిల్లని ఇరికించకండి.

బొబ్బిలి మాస్టారు
బాకీ వేరు, సర్టిఫికెట్ వేరు. యూనివర్సిటీల పైనుండే యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది, పరిశీలన అయ్యాక ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని. బాకీ ఉంటే బాకీలాగే వసూలు చేసుకోవాలి. నువ్వొక దరఖాస్తు రాయి తల్లీ, ప్రిన్సిపాల్ పేరు మీద, రెండు కాపీలు. ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకో. ముద్ర వెయ్యకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపు. పది రోజులు చూసి యూనివర్సిటీకి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి ఆ కాపీ జత చెయ్యి. నోటిమాటకి ఎవరూ కదలరు. బాకీ ఎంతో కూడా రాతపూర్వకంగా అడుగు.

జీడిపిక్క
ముప్పై రెండు వేలు అన్నారు. కాగితం మీద ఇవ్వలేదు.

బొబ్బిలి మాస్టారు
చూశావా! అందుకే అడగమంటున్నాను.

రాగోలు రోడ్డు
మాస్టారు చెప్పింది ఈ వారమే చెయ్యి, ర్యాంకు వచ్చేదాకా ఆగకు. ఇంకోటి. రాష్ట్ర జాబితాలో బీసీ అయితే చాలదు, నీట్ ఫారంలో ఓబీసీ పెట్టాలంటే కేంద్ర జాబితాలో మీ కులం ఉండాలి. అది చూసుకున్నాకే పెట్టు. పేపరు తెలుగులో కావాలంటే సెంటరు మన రాష్ట్రంలోనే ఎంచుకో, ఇచ్ఛాపురం పక్కనే కదా అని ఒడిశాలోని బరంపురం పెడితే తెలుగు పేపరు రాదు.

విజీనగరం కుర్రోడు
విజయనగరంలోనే గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉంది కదా, 150 సీట్లు. ఇంటి దగ్గరే అయిపోద్ది.

రాగోలు రోడ్డు
2023లో తెరిచిన ఆ కొత్త కాలేజీల్లో ఆలిండియా కోటా పోగా మిగిలినవాటిలో సగమే మామూలు ఫీజు సీట్లు. మిగతావి ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై అయితే 20 లక్షలు. శ్రీకాకుళంలో 2008లో వచ్చిన పాత రిమ్స్‌కి ఆ గొడవ లేదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు చూసుకో చెల్లీ.

విజీనగరం కుర్రోడు
గవర్నమెంట్ కాలేజీలో 12 లక్షలా! అదేం గవర్నమెంటు?

వంశధార గట్టు
అదే నేననేదీ...

జీడిపిక్క | మార్చి 7, మధ్యాహ్నం 1:05
ఫారం వెళ్ళింది. కేంద్ర జాబితాలో మా కులం ఉంది, 1,600 కట్టాను. సెంటరు శ్రీకాకుళం. థ్యాంక్స్ అందరికీ. షాపు టైమైపోయింది, వస్తాను.

బొబ్బిలి మాస్టారు
దరఖాస్తు ఇచ్చావా అమ్మా?

తోటపాలెం నాన్న | మార్చి 9
కరెక్షన్ విండో తెరిచారు. ఇప్పుడైనా 02కి మార్చుకోవచ్చు.

బొబ్బిలి మాస్టారు | మార్చి 19
దరఖాస్తు ఏమైంది తల్లీ? ముద్ర వేశారా?