ఎలిహు యేల్ సమాధి మీది పద్యం: అలాగే ఉంచాలా?

లంగరు:
మాంచెస్టర్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వేల్స్‌లోని రెక్స్‌హామ్ చూసొచ్చాను. అక్కడ సెయింట్ జైల్స్ చర్చి ఆవరణలో, గోపురం దగ్గర, పెద్ద రాతి పెట్టెలా ఒక సమాధి ఉంది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఎలిహు యేల్‌ది. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చి, 1687లో గవర్నరై, 1692లో అవినీతి ఆరోపణలతో పదవి పోగొట్టుకుని, వజ్రాల వ్యాపారంలో బాగా గడించి, 1721లో లండన్‌లో పోయాడు. రాతి మీద చెక్కిన పద్యం తాత్పర్యం ఇది: అమెరికాలో పుట్టాడు, యూరప్‌లో పెరిగాడు, ఆఫ్రికాలో తిరిగాడు, ఆసియాలో పెళ్ళాడాడు, లండన్‌లో చనిపోయాడు, చాలా మంచి చేశాడు, కొంచెం చెడూ చేశాడు, లెక్క సరిపోయిందనే అనుకుందాం.
ఆ "కొంచెం చెడు" దగ్గర ఆగిపోయాను. అదేమిటో పక్కన ఒక బోర్డు పెట్టాలా, లేక చచ్చినవాణ్ణి వదిలెయ్యాలా? మీరేమంటారు?

పాతనాణెం:
వదిలెయ్యాలి. సమాధి అంటే ఇంటివాళ్ళు పెట్టుకునేది. మన గుళ్ళో ఫ్యాను రెక్క మీద దాత పేరు రాస్తాం, ఆయన వడ్డీ ఎంతకిచ్చాడో రాస్తామా? పైగా ఈ పద్యంలో "చెడు చేశాడు" అని ఒప్పుకున్నారు. ఏ దాత ఫలకం మీద చూశారండీ ఆ మాట?

మగ్గంగుంట:
చెడు ఏమిటో చెప్పకుండా ఒప్పుకోవడం ఒప్పుకోవడమేనా? మద్రాసులో కంపెనీ వ్యవహారాలు నడిపిన సెయింట్ జార్జి కోట కౌన్సిల్ 1680ల్లో యూరప్ వెళ్ళే ప్రతి ఓడలోనూ కనీసం పదిమంది బానిసల్ని పంపాలని తీర్మానించింది. ఆ కౌన్సిల్‌లో ఈయన ఉన్నాడు. అప్పుడు కరువు. 1687లోనే గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడింది. తిండి లేక పిల్లల్ని అమ్ముకున్న రోజులు. కోరమాండల్ తీరం అంటే తమిళ దేశం ఒక్కటే కాదు, నెల్లూరు, మచిలీపట్నం కూడా. ఆ ఓడలెక్కినవాళ్ళలో మన మాట మాట్లాడేవాళ్ళు లేరని ఎవరనగలరు?

పాతనాణెం:
సగమే చెప్పారు. 1688లో మద్రాసు నుంచి బానిసల ఎగుమతి నిషేధించిందీ ఆయన హయాంలోనే.

మగ్గంగుంట:
జాలిపడి కాదు లెండి. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని మొగలుల వైపు నుంచి ఫిర్యాదులొచ్చాయి, గొడవ ముదిరేలా ఉందని ఆపారు. ఖాతాలో జమ వేసేముందు ఎందుకిచ్చారో కూడా చూడాలిగా.

మైలాపూర్ తెలుగోడు:
ఇంకో సంగతి. 1680 అక్టోబరులో కోటలో సెయింట్ మేరీస్ చర్చి తెరిచారు. అందులో మొదటి పెళ్ళి యేల్‌దే, ఆ నవంబరులో. స్నేహితుడు హిన్మర్స్ పోతే ఆయన భార్యను చేసుకున్నాడు. పసివయసులో పోయిన యేల్ కొడుకు డేవిడ్‌నీ హిన్మర్స్ సమాధి దగ్గరే పూడ్చారు. ఆ సమాధి హైకోర్టు ఆవరణలో ఉంది. పార్కింగ్ కట్టాలి, దీన్ని వేరే చోటికి మార్చండి అని 2023లో ఒక జడ్జి ఆదేశించారు. మంచీ చెడూ కాదు, కార్లకు చోటు! నాకైతే నవ్వొచ్చింది. పసివాడి సమాధి జోలికి మాత్రం పోకూడదు, వాడేం చేశాడు?

లంగరు:
అమెరికావాళ్ళే కొంత కదిలారు. మెడలో లోహపు పట్టీతో ఒక నల్లపిల్లాడు పక్కన నిలబడిన యేల్ చిత్రాన్ని 2020లో గోడ మీంచి దించి, ఆ పిల్లాడి గురించి వెతికి, 2022లో మళ్ళీ పెట్టారు. 2024లో బానిసత్వంతో తన చరిత్రకున్న సంబంధాలకు యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. మద్రాసు వైపు చూపు అంతగా రాలేదు.

మగ్గంగుంట:
అసలు ఆ కాలేజీకి యేల్ ఇచ్చిన దానం ఎంత? 1718లో తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి బొమ్మ ఒకటి. సరుకు అమ్మితే 562 పౌండ్లొచ్చాయి, కాలేజీకి పేరు మారింది. ఆ బేళ్ళలో కాలికో, మస్లిన్ తాన్లు ఉన్నాయి. మా తాత మగ్గం మీద కూర్చున్నవాడు. తాను చూస్తే ఎవరు నేశారో చెప్పేవాడు, అమ్మినవాడి పేరు మాత్రం అడిగేవాడు కాదు. ఇక్కడ అమ్మినవాడి పేరే మిగిలింది.

పాతనాణెం:
సరే, ఒక మెట్టు దిగుతున్నా. రాయి ముట్టుకోకండి, పద్యం చెరపకండి. పక్కన చిన్న బోర్డు పెట్టుకోండి. ఉపన్యాసం మాత్రం వద్దు. ఏం రాస్తారో రాయండి చూద్దాం.

లంగరు:
"మద్రాసు, 1680లు. యూరప్ వెళ్ళే ప్రతి ఓడకూ పదిమంది." అంతే.

మగ్గంగుంట:
"కనీసం" అన్న మాట వదిలేశారండీ.