మోదుగ చెట్లయినా మిగలాలంటే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

నమస్కారమండీ. హైదరాబాద్ శివారులో మా కాలనీ పక్కనున్న రాళ్లగుట్ట మీద పెద్ద అపార్ట్‌మెంట్ల పని మొదలైంది. 20,000 చదరపు మీటర్లు దాటిన కట్టడం కాబట్టి 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి తీసుకున్నారు. ఉన్న చెట్టూ పొదా కాపాడతామని పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో రాసిచ్చారు. పోయిన వారం జేసీబీ వచ్చి తంగేడు, రేగు పొదలన్నీ ఊడ్చేసింది. నెమళ్లు గుడ్లు పెట్టేది ఆ పొదల్లోనే. బదులుగా కోనోకార్పస్ నాటుతున్నారు, అది మన నేల మొక్కే కాదు!

ఏటా జూన్ 1, డిసెంబర్ 1కి బిల్డర్లు ఇవ్వాల్సిన అనుమతి షరతుల అమలు నివేదికలు పరివేష్ పోర్టల్‌లో (పర్యావరణ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైట్) ఎలా వెతకాలి? ఫిర్యాదు ముందు కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వాలా, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికా? తేదీలతో ఫొటోలున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు త్వరగా చెప్పండి, మోదుగ చెట్లు ఇంకా నిలిచే ఉన్నాయి.