గుమిహో ప్రేమకథకు కొరియా జానపదంలో మూలం ఉందా?

ప్రశ్న:

కొరియా జానపద కథల ఆధారంగా ఒక ప్రేమకథను ధారావాహికగా రాస్తున్నాను. కథానాయిక తొమ్మిది తోకల నక్క అయిన గుమిహో, కథానాయకుడు జోసన్ (1392 నుంచి 1897 వరకు సాగిన కొరియా రాజ్యం) కాలపు యువ పండితుడు. కొరియన్ సీరియళ్లు చూసి ఈ పాత్ర మీద మక్కువ పెంచుకున్నాను గానీ, పాత కథలు చదువుతుంటే ఆమె మనుషుల కాలేయం తినే క్రూరజీవిగానే ఎక్కువగా ఎదురవుతోంది. మనిషిని ప్రేమించి, తానూ మనిషి కావాలని తపించే గుమిహో నేటి రచయితల కల్పన మాత్రమేనా? మూలానికి అన్యాయం జరగకుండా రాయాలని నా కోరిక.

సమాధానం 1:

మూలం ఉంది, కానీ అది ప్రేమ రూపంలో లేదు. విస్తృతంగా చెప్పుకునే ఒక కథలో, సొదాంగ్ అనే పల్లెటూరి బడికి వెళ్లే కుర్రవాడిని దారిలో ఒక అందగత్తె రోజూ ఆపి ముద్దుపెట్టుకుంటూ, తన నోటిలోని మణిని అతని నోటిలోకీ, మళ్లీ తన నోటిలోకీ మార్చుకుంటూ ఉంటుంది. కుర్రవాడు నానాటికీ చిక్కిపోవడం చూసిన గురువు సంగతి గ్రహించి, ఈసారి మణి నోటిలోకి రాగానే మింగేసి మొదట ఆకాశం వైపు చూడమని చెబుతాడు. అతడు మణిని మింగుతాడు గానీ తడబడి నేల వైపు చూడడంతో, భూమికి సంబంధించిన జ్ఞానం మాత్రమే అతనికి దక్కుతుంది. ముద్దే ప్రాణాన్ని తోడేసే సాధనమైన ఈ ఘట్టాన్ని తీపి చేయకుండా వాడుకోగలిగితే మీ కథకు అంతకంటే బలం ఉండదు. ఇక భర్త రహస్యం కాపాడితే మనిషైపోయే గుమిహో భార్య ఇంతగా జనంలోకి వెళ్లడానికి, కొరియా ప్రసార సంస్థ కేబీఎస్ 1977లో మొదలుపెట్టిన పాత కథల ధారావాహిక చాలావరకు కారణం.

సమాధానం 2:

నిజమైన ప్రేమ కావాలంటే నక్కను వదిలి పులి దగ్గరికి రండి. 13వ శతాబ్దంలో ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన పాత గాథల గ్రంథం సాంగుక్ యూసాలో, జోసన్‌కు చాలా ముందునాటి కొరియా రాజ్యమైన శిల్లా రాజధానిలోని హుంగ్న్యూన్ ఆలయంలో రాత్రివేళ ప్రదక్షిణ చేస్తున్న కిమ్ హ్యోన్ అనే యువకుడికి ఒక అమ్మాయి పరిచయమవుతుంది. ఇద్దరూ ఒకటైన తరువాత, ఆమె వద్దంటున్నా వెంట వెళ్లిన అతనికి ఆమె పులి అని తెలుస్తుంది. ఎన్నో ప్రాణాలు తీసిన తన ముగ్గురు అన్నలకు పడబోయే దైవశిక్షను తానే భరిస్తానని ఆమె ముందుకు వస్తుంది. మరునాడు నగరంలోకి చొరబడి బీభత్సం చేస్తానని, తనను చంపి రాజు ఇచ్చే పదవి తీసుకొమ్మని, తన పేరిట ఒక గుడి కట్టించమని అతడిని కోరుతుంది. భార్య ప్రాణం అమ్ముకుని పదవి పొందలేనని అతడు ఎంత చెప్పినా వినదు. చివరికి అడవిలో అమ్మాయి రూపంలోనే నవ్వుతూ ఎదురై, తన గోళ్లకు గాయపడినవారికి ఆ ఆలయంలో పులియబెట్టిన సోయా పూయమని చెప్పి, అతని కత్తిని తానే లాక్కుని ప్రాణం తీసుకుంటుంది. చనిపోయే క్షణంలో కూడా ఊరివాళ్ల గాయాలకు మందు చెప్పిన ఆ మనసును చూపించగలిగితే, మాయలూ మంత్రాలూ అక్కరలేదని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి ప్రదక్షిణలో పరిచయమయ్యే ఘట్టాన్ని నా జోసన్ కథలోకి తీసుకోవచ్చా?

సమాధానం 3:

అలాగే తీసుకుంటే అతకదు. జోసన్ రాజ్యం కన్ఫ్యూషియన్ ధర్మాన్ని పాలనకు ఆధారం చేసుకుని, చాలాకాలం బౌద్ధ భిక్షువులను రాజధానిలోకే రానివ్వలేదు. కథను శిల్లాకు జరిపితే ఆలయమూ ప్రదక్షిణా సహజంగా ఇముడుతాయి, కానీ మీ పండితుడి పాత్రను మార్చవలసి వస్తుంది. జోసన్‌లోనే ఉంచాలనుకుంటే ఆలయాన్ని వదిలి సొదాంగ్ దారిని ఎంచుకోండి. మనిషి కావాలన్న తపనకు మాత్రం గుమిహో కంటే ముందు, అదే సాంగుక్ యూసాలో ఉన్న ఎలుగుబంటి కథ చదవండి. మాచిపత్రి జాతి ఆకులూ వెల్లుల్లీ తింటూ, వెలుగు చూడకుండా నోచిన నోముతో ఆమె స్త్రీగా మారుతుంది. అదే నోము పట్టిన పులి మాత్రం ఓర్చుకోలేక మధ్యలోనే మానేస్తుంది.