మొరాకోలోని ఫెజ్ పాత ఊళ్ళో ఉంటూ అమెరికా షిఫ్టు చేయడం కుదురుతుందా?

కావలి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది కావలి. అమెరికా తూర్పు వైపు క్లయింట్‌కి సపోర్ట్ పని చేస్తున్నా, ఇంటి నుంచే, ఇది నాలుగో ఏడు. సాయంత్రం ఆరున్నరకి కూర్చుంటే తెల్లవారుజామున మూడున్నరకి లేస్తా, నవంబర్‌లో వాళ్ళ గడియారం మారాక అది నాలుగున్నర అవుతుంది. పాల ప్యాకెట్లు వచ్చే టైముకి నేను పడుకుంటా. అమ్మ మధ్యాహ్నం లేపి కంచం పెడితే అది టిఫినో భోజనమో కూడా తెలియని స్థితి. పోయిన సంక్రాంతికి అక్కావాళ్ళు పిల్లలతో వచ్చి నాలుగు రోజులు ఉన్నారు, వాళ్ళతో కలిసి కూర్చుని తిన్నది ఒక్క పూట. ఇంటి లోను ఉంది, ఉద్యోగం మానలేను.

మొరాకో టైము మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. అంటే నా షిఫ్టు అక్కడ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా. రాత్రి నిద్రపోయి పొద్దున్నే లేవచ్చు, అది తలుచుకుంటేనే ప్రాణం లేచి వస్తోంది. యూరప్‌లోనూ ఇదే టైము ఉందనుకోండి, కానీ ఆ ఖర్చు నేను పెట్టుకోలేను. ఫెజ్ పాత ఊరి ఫోటోలు చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది, ఒక నెల ఉండి చూద్దామని. నెట్ ఎట్టా ఉంటుంది, పాత ఇళ్ళలో కూర్చుని పని చేయగలమా, తిండి సంగతేంటి? మన వైపు వాళ్ళు ఎవరైనా ఉండొచ్చి ఉంటే చెప్పండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పెన్నా గట్టు:

తమ్ముడూ, నేను నెల్లూరు. రెండేళ్ళ కిందట అక్టోబర్ మధ్య నుంచి నాలుగు వారాలు అక్కడ ఉండి ఇదే షిఫ్టు చేశా. కుదురుతుంది. కాకపోతే ఇల్లు ఎంచుకోవడంలోనే అంతా ఉంది, నేను అక్కడే దెబ్బ తిన్నా కాబట్టి వివరంగా చెప్తా.

పాత ఊరిని మదీనా అంటారు. వెయ్యేళ్ళు దాటిన ఊరు, యునెస్కో 1981లోనే వారసత్వ జాబితాలో పెట్టింది. లోపలికి కార్లు రావు, మనుషులు, చేతిబండ్లు, కంచర గాడిదలు అంతే. అక్కడి ఇళ్ళు మన పాత మండువా లోగిళ్ళ లాంటివే అనుకో, మధ్యలో ఆకాశం కనపడే ఖాళీ, చుట్టూ గదులు, పైన రెండు మూడు అంతస్తులు. మధ్యలో తోట ఉంటే రియాద్, ఉత్త వాకిలి అయితే దార్. వీధి వైపు కిటికీలు దాదాపు ఉండవు, వెలుతురు, గాలి అంతా ఆ మధ్య ఖాళీలోంచే రావాలి. చూడ్డానికి కళ్ళు చాలవు గానీ గోడలు మూరెడు మందం. నేను తీసుకున్న దార్‌లో నా గది కింద, రౌటర్ పై అంతస్తులో. ఇంటి ఓనరు వై-ఫై బ్రహ్మాండం అన్నాడు, అదీ అబద్ధం కాదు, రౌటర్ పక్కన నిలబడితే బ్రహ్మాండమే. మొదటి రోజు కాల్ మధ్యలో మూడుసార్లు తెగింది, మా మేనేజర్ ఏమైందని మెసేజ్ పెడితే నాకు చెమటలు. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆ ఇరుకు మెట్లెక్కి డాబా మీదకు పరిగెత్తా. ఆ రోజు షిఫ్టు మొత్తం డాబా మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో చేశా, చీకటి పడ్డాక చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి.

కాబట్టి డబ్బు కట్టకముందే, నువ్వు కూర్చోబోయే టేబుల్ దగ్గర స్పీడ్ టెస్ట్ పెట్టి స్క్రీన్‌షాట్ పంపమని అడుగు. ఇల్లు ఎంత బాగున్నా సరే, ఆ టేబుల్ దగ్గర నెట్ ఎంతుందో తెలియకుండా ఒప్పుకోవద్దు. దిగగానే పాస్‌పోర్ట్ చూపించి లోకల్ సిమ్ కూడా తీసుకో. మారోక్ టెలికామ్, ఇన్వి, ఆరెంజ్ మూడూ ఉన్నాయి, నీ ఇంట్లో ఏది అందుతుందో పక్కవాళ్ళని అడిగి తీసుకుంటే మంచిది.

ఇంకోటి, చప్పుడు. సెఫ్ఫారీన్ అని ఒక చిన్న కూడలి ఉంది, రాగి పనివాళ్ళది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సుత్తి దెబ్బలే. చూడాల్సిన చోటు అది, ఒక పెద్దాయన కాగు అంత గిన్నెని మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పుతూ కొడుతుంటే దెబ్బ పక్కన దెబ్బ వరసగా పడుతుంది, గీత గీసినట్టు. నేను అరగంట నిలబడిపోయా. కానీ దాని పక్కన ఇల్లు తీసుకుని క్లయింట్ కాల్ మాట్లాడలేం. అట్టాగే షువారా తోళ్ళ తొట్ల దగ్గర కూడా వద్దు, పావురాల రెట్ట, సున్నం కలిపిన తొట్లలో తోళ్ళు నానబెడతారు, చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతిలో పుదీనా రెమ్మ పెట్టేది ముక్కు దగ్గర పట్టుకోవడానికే.

ఇక పొద్దున పూట. తమ్ముడూ, నువ్వు దేనికి వెళ్ళాలంటే దీనికే వెళ్ళాలి. ఏడింటికి లేచేవాణ్ణి, మధ్యాహ్నం రెండు దాకా టైమంతా నాది. బూజ్లూద్ గేటు నుంచి తలా కెబీరా అనే వీధి కిందికి దిగుతుంటే ఒక పిల్లోడు పలక మీద పిండి ముద్దలు వరసగా పేర్చి, గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని పోతుంటాడు. ఇళ్ళలో పిండి కలిపి పేటలో అందరికీ కలిపి ఉండే పొయ్యికి పంపుతారు, కాలిన రొట్టెలు మళ్ళీ ఇంటికి తెచ్చిస్తారు. వెనకాల "బాలక్! బాలక్!" అని కేక వినపడిందంటే గోడకి అతుక్కుపో, గ్యాస్ సిలిండర్లు వేసుకుని కంచర గాడిద వస్తోందని అర్థం.

అల్ ఖరవియ్యీన్ అనే పాత మసీదు, విద్యాలయం కూడా అక్కడే. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ కట్టించిందని చెప్తారు, ఇప్పటికీ చదువు నడుస్తోంది. ముస్లిం కానివాళ్ళని మసీదు లోపలికి రానివ్వరు, వాకిట్లో నిలబడి చూడాల్సిందే. దాని గ్రంథాలయాన్ని అజీజా షావునీ అనే ఆర్కిటెక్ట్ బాగు చేయించింది, ఆమెది ఆ ఊరే. పుట్టిన ఊరి పుస్తకాలని చెమ్మ నుంచి కాపాడే పని చేతికి రావడం ఎంత అదృష్టం!

కొత్తపట్నం అల:

నాది ఒంగోలు, టెస్టింగ్ పని. నేనూ నా ఫ్రెండూ ఇద్దరం వెళ్ళాం, ఫిబ్రవరిలో. ఆడవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఇది రాస్తున్నా.

పగలు ఏ భయమూ లేదు. దారి చూపిస్తామంటూ కుర్రాళ్ళు వెంటపడతారు, "అటు దారి మూసేశారు" అంటారు, మూసి ఉండదు. "లా, శుక్రన్" (వద్దు, థాంక్స్) అని ఆగకుండా నడిచిపోతే వదిలేస్తారు. రాత్రి అంగళ్ళు మూశాక మాత్రం సందులు ఒక్కసారిగా నిర్మానుష్యం అయిపోతాయి. అందుకే మేము బత్‌హా కూడలి దగ్గర, టాక్సీ వచ్చే చోటుకి రెండు నిమిషాల నడకలో ఇల్లు చూసుకున్నాం. పెద్ద సూట్‌కేసు ఉన్నవాళ్ళకీ అదే మేలు.

చలి గురించి అన్న చెప్పింది తక్కువే. మనం ఎండలకి పుట్టినవాళ్ళం, 40 డిగ్రీలన్నా భయపడం. ఫిబ్రవరి రాత్రుళ్ళు అక్కడ అయిదారు డిగ్రీలకి దిగుతుంది, ఇంటి మధ్యలో నుంచి ఆ చలి నేరుగా గదిలోకి వస్తుంది. హీటర్ ఉందా అని తప్పకుండా అడగండి.

నాకు బాగా గుర్తున్నది హమ్మాం, అంటే పేటలో అందరూ వెళ్ళే ఆవిరి స్నానాల ఇల్లు. ఆడవాళ్ళకి వేరే టైము ఉంటుంది. పక్కింటావిడ, భాష ఒక్క ముక్క కలవకపోయినా, చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. నల్లటి మెత్తటి సబ్బు పూసి, గరుకు తొడుగు చేతికి వేసుకుని వీపు రుద్దింది. చిన్నప్పుడు భోగి పొద్దున మా అమ్మమ్మ నలుగు పెట్టేది చూడండి, అచ్చం ఆ చేయే, ఆ బలమే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవిడ సబ్బు పడిందనుకుని నీళ్ళు పోసింది.

మాంసం తిననివాళ్ళు "బ్లా ల్హమ్" అని చెప్పాలి, మాంసం లేకుండా అని. హరీరా సూపులో కూడా మాంసం వేస్తుంటారు కాబట్టి అడగాలి. కందిపప్పు, చింతపండు, కారం మేము ఇంటి నుంచే తీసుకెళ్ళాం. శుక్రవారం పాత ఊళ్ళో చాలా అంగళ్ళు మూసేస్తారు, గురువారమే కూరగాయలు తెచ్చుకోవాలి. రంజాన్ నెలలో పగలు హోటళ్ళు దాదాపు ఉండవు, పైగా ఆ నెల గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు, షిఫ్టు లెక్క మళ్ళీ చూసుకోవాలి.

సింగరాయకొండ మామయ్య:

అబ్బాయ్, వీళ్ళిద్దరూ చెప్పినవన్నీ బాగున్నాయి. కానీ నువ్వు మీ ఆఫీసులో అడిగావా? నీ ప్రశ్నలో ఆ మాటే లేదు, అందుకే రాస్తున్నా. మా టీములో ఒకతను చెప్పకుండా వేరే దేశం వెళ్ళి లాగిన్ అయ్యాడు, రెండో రోజే అకౌంట్ లాక్ చేశారు. క్లయింట్ డేటా ఏ దేశంలో తెరవచ్చో కాంట్రాక్టులో రాసి ఉంటుందట, మనకి తెలియదు. అతను ఉద్యోగం నిలబెట్టుకోవడానికి నెలరోజులు తిరిగాడు, ఇంట్లో వాళ్ళ టెన్షన్ నేను కళ్ళారా చూశా. మేనేజర్ నోటిమాట చాలదు, మెయిల్లో తీసుకో, దేశం పేరు, తేదీలు రాయించుకో.

మనవాళ్ళకి మొరాకో ఈ-వీసా ఇస్తుంది, దాని మీద ఉండనిచ్చేది 30 రోజులు. అది చూడ్డానికి వచ్చేవాళ్ళ వీసా, అక్కడ ఉద్యోగం చేయడానికి కాదు. జీతం ఇక్కడిదే అయినా ఆ సంగతి కూడా మీ హెచ్‌ఆర్‌తో మాట్లాడు. అక్కడి డబ్బు దిర్హామ్‌లు, అవి మన దగ్గర కొనుక్కుని వెళ్ళే వీల్లేదు, యూరోలో డాలర్లో తీసుకెళ్ళి అక్కడ మార్చుకోవాలి. డ్రోన్ ఉంటే ఇంట్లో పెట్టి వెళ్ళు, కస్టమ్స్‌లో లాగేసుకుంటారు. నీకు వద్దని చెప్పట్లేదు నాయనా. నాలుగేళ్ళు రాత్రిపూట పని అంటే ఒళ్ళు గుల్ల అవుతుంది, నాకు తెలుసు, నేను పదకొండేళ్ళు చేశా.

కావలి కుర్రోడు:

మామయ్యా, మీ మాట చదివి నిన్ననే మెయిల్ పెట్టా. అడగాలంటే భయమేసి ఇన్నాళ్ళూ దాటేస్తూ వచ్చా, నిజం. మా మేనేజర్ సెక్యూరిటీ టీముకి పంపింది, వారంలో చెప్తారట. వద్దంటే వెళ్ళను, పగటి షిఫ్టుకి మార్చమని అదే మెయిల్లో కూడా అడిగా. అమ్మకి చెప్పా. అంత దూరం ఒక్కడివే ఎందుకురా అంది, తర్వాత కాసేపాగి, "అక్కడ రాత్రి నిద్రపోతావా?" అని అడిగింది. పోతానమ్మా అన్నా. ఇంకేమీ అనలేదు.

అక్కా, హీటర్ సంగతి రాసుకున్నా, టాక్సీ దగ్గర ఇల్లే చూస్తా. అన్నా, చెన్నై నుంచి కాసాబ్లాంకా దాకా టికెట్లు కనిపిస్తున్నాయి, అక్కడి నుంచి ఫెజ్‌కి ఎట్టా వెళ్ళారు? పొద్దున తినడానికి మనకి సరిపడేవి ఏముంటాయి?

పెన్నా గట్టు:

రైలు తమ్ముడూ, ఎయిర్‌పోర్ట్ కిందనే స్టేషను ఉంది, కాసా వాయాజర్స్ అనే స్టేషన్‌లో మారితే అక్కడి నుంచి సుమారు నాలుగు గంటలు. అడగడం మంచిపని చేశావు, ఆలస్యమైనా.

పొద్దున బిసారా తిను. ఎండు బాకలా (ఫావా) అనే పెద్ద చిక్కుడు గింజలని మెత్తగా ఉడికించి చేసే పప్పు లాంటిది, చిక్కగా ఉంటుంది. మట్టి గిన్నెలో గరిటెతో పోసి, మధ్యలో గుంట చేసి ఆలివ్ నూనె ఒంపి, జీలకర్ర పొడి, కారం చల్లి ఇస్తాడు, పక్కన గుండ్రటి రొట్టె. మొదటి ముద్దకే నాకు మా ఇంటి ముద్దపప్పు, నెయ్యి గుర్తొచ్చాయి. తలా కెబీరా దిగేటప్పుడు చిన్న కొట్లు కనపడతాయి, బల్ల మీద పెద్ద గిన్నె, చుట్టూ పనికి పోయే మనుషులు. తొమ్మిదిలోపే వెళ్ళు, పదకొండుకి వెళ్తే గిన్నె కడుగుతుంటాడు.