బీరువా వెనక బూజు: టెస్ట్ చేయించాలా, వద్దా?

విశాఖలో సముద్రానికి దగ్గరగా, రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. మొన్న బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి చుక్కలు, తడిసిన గోనెసంచి వాసన. బ్లీచింగ్ నీళ్లతో తుడిచాను, పది రోజులకే మళ్లీ వచ్చింది. గోడకు పాలిథిన్ కవర్ టేపుతో అంటించి రెండు రోజులు ఉంచితే, లోపల గోడవైపే నీటి బొట్లు పట్టాయి. అంటే అవతలి బాత్రూమ్ నుంచి చెమ్మ వస్తున్నట్టేగా? ఓనర్‌గారేమో "సముద్రపు గాలమ్మా, మామూలే" అంటున్నారు. పాపకు రాత్రిళ్లు ఒకటే దగ్గు, డాక్టర్‌కి చూపిస్తున్నాం. గాలి శాంపిల్ తీసి ల్యాబ్‌లో టెస్ట్ చేసేవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఎంత తీసుకుంటారు? లేక ఆ డబ్బేదో ప్లంబర్‌కే ఇచ్చి ముందు లీకేజీ ఎక్కడో చూపించుకోవడం మేలా? చేయించినవాళ్లు కాస్త చెప్పండి.