పాత మహీంద్రా జీపు వాలులో నిలవడం లేదు: చేతి బ్రేకు బాగు చేయించాలా, మార్చాలా?

ప్రశ్న:
నా దగ్గర పాత మహీంద్రా సీజే 3బీ జీపు ఉంది. మాది పాడేరు దగ్గరి పల్లె. ఇంటి ముందు దారంతా వాలే కనుక చేతి బ్రేకు లేకుండా ఒక్క పూట గడవదు. నిరుడు కొత్త కేబుల్ వేయిస్తే రెండు నెలలు బాగానే పట్టింది. ఇప్పుడు హ్యాండిల్‌ను చివరిదాకా లాగినా బండి మెల్లగా జారుతోంది. కిందికి దూరి డ్రమ్ము అంచు తడిమితే వేలికి నల్లటి జిడ్డు అంటింది. బ్రేకు షూలు (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టే ముక్కలు) మారిస్తే సరిపోతుందా, లేక మొత్తం తీసేసి డిస్క్ బ్రేకు పెట్టించుకోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
లోపం ఎక్కడుందో ఆ జిడ్డే చెబుతోందండి. ఈ జీపులో చేతి బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరు పెట్టె) వెనుక, ఆ శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు మొదలయ్యే చోట చిన్న డ్రమ్ములో ఉంటుంది. దాని వెన్నంటే ఆయిల్ సీలు ఉండటం వల్ల, సీలు అరిగితే కారిన గేర్ ఆయిల్ నేరుగా షూల మీదికే చేరుతుంది. నూనె పీల్చిన లైనింగును (షూ మీది రాపిడి పొరను) పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవారున్నారు గానీ, వేడెక్కగానే లోపలి నూనె పైకి తేలుతుంది కనుక ఆ పని నిలవదు. షూలు కొత్తవే వేయించండి.

అంతకంటే ముందు, చక్రాలకు గట్టిగా రాళ్లు అడ్డం పెట్టి, షాఫ్టు విప్పి, షాఫ్టును బిగించే ఫ్లాంజిని చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి. ఊగితే బేరింగు వదులైనట్టే. షిమ్ములతో (సందు సరిచేసే పలుచని రేకులతో) దాన్ని సరిచేయకుండా కొత్త సీలు వేస్తే అదీ త్వరలోనే కారుతుంది. సీలు రాసుకునే చోట గోటికి గాడి తగిలితే యోక్ (సీలులో తిరిగే ఆ భాగం) మార్చాలి, లేదా దాని మీద సన్నని స్లీవు (లోహపు తొడుగు) ఎక్కించాలి. చివరగా, కేబుల్ వదులుగా ఉండగానే షూలను డ్రమ్ముకు తగిలేదాకా తెచ్చి, డ్రమ్ము రాపిడి లేకుండా తిరిగేంత వెనక్కి తీసి, ఆ తరువాతే కేబుల్ బిగించాలి. షూల అరుగుదలను కేబుల్ బిగింపుతో కప్పిపుచ్చడమే ఎక్కువ బళ్లలో జరుగుతున్న పొరపాటు.

జవాబు 2:
డిస్క్ విషయం నేను చెబుతాను. క్రౌన్ పినియన్ (వెనుక ఇరుసులోని గేర్ల జత) నిష్పత్తి 5.38 ఉన్న బండిలో, షాఫ్టు మీద పడిన పట్టు ఇరుసు దగ్గరికి చేరేసరికి అన్ని రెట్లవుతుంది. అందుకే అంత చిన్న డ్రమ్ము కూడా బండిని ఆపగలదు. పొడిగా ఉన్న డ్రమ్ము మీకు చాలు. డిస్కే కావాలనుకుంటే కేబుల్‌తో పనిచేసే క్యాలిపర్ (డిస్కును రెండు వైపులా నొక్కి పట్టే భాగం) తీసుకోండి. హైడ్రాలిక్ లాక్ (బ్రేకు నూనె ఒత్తిడిని బంధించి బండిని నిలిపేది) అయితే ఒత్తిడి నెమ్మదిగా తగ్గిపోవచ్చు కనుక రాత్రంతా నిలిపే బండికి అది పనికిరాదు.

ఒక్క మాట తప్పక గుర్తుంచుకోండి. చాపరాయి దగ్గర నేను ఒక వెనుక చక్రానికి జాకీ పెట్టగానే, చేతి బ్రేకు వేసి ఉన్నా జీపు కదిలి జాకీ పక్కకు ఒరిగింది. షాఫ్టు ఆగినా, రెండు వెనుక చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఎదురు దిశలో తిరుగుతూ నేల మీది చక్రాన్ని కదలనిస్తుంది. చక్రాలకు రాళ్లు పెట్టకుండా జాకీ ఎత్తకండి.

అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫ్లాంజి నిజంగానే ఊగింది. బేరింగు సరిచేయించి, సీలూ షూలూ కొత్తవి వేయించాను. నిన్న రాత్రి బండి వాలులో కదలకుండా నిలిచింది. అయినా వెనుక చక్రం కింద రాయి తీయలేదు.