బాబిలోన్ 5 మళ్లీ మొదటినుంచి: ఏ వెర్షన్, ఏ వరుస? (స్పాయిలర్లు ఉన్నాయి)

తోకచుక్క:
ఒక అంతరిక్ష స్టేషన్‌లో జరిగే 1990ల సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ బాబిలోన్ 5 మొత్తం, అంటే 5 సీజన్లు, 110 ఎపిసోడ్లు, మళ్లీ చూడాలనుకుంటున్నాను. పక్కన కూర్చునే మనిషికి మాత్రం ఇదే మొదటిసారి. మూడు సందేహాలు. పాత డీవీడీల్లో బొమ్మ వెడల్పుగా ఉంది, రీమాస్టర్‌లో 4:3 ఉంది, ఏది మేలు? పైలట్‌నీ టీవీ సినిమాలనీ ఎక్కడెక్కడ పెట్టుకోవాలి? మొదటి సీజన్‌లో ఏవి వదిలేసినా కథ తెగదు?

రెండర్‌గది:
వెర్షన్ సంగతి నేను చెప్తాను. రీమాస్టరే చూడండి.

నటులున్న సీన్లను సూపర్ 35 ఫిల్మ్ మీద తీశారు. ఎప్పటికైనా వెడల్పు టీవీలు వస్తాయన్న ముందుచూపు అది. గ్రాఫిక్స్ మాత్రం అప్పటి టీవీకి సరిపోయేలా 4:3లో, మామూలు డెఫినిషన్‌లోనే రెండర్ చేశారు. డీవీడీకి వెడల్పు బొమ్మ కావాల్సివచ్చేసరికి గ్రాఫిక్స్ ఫ్రేమును పైనా కిందా కోసేశారు. 480 గీతల్లో 360 మిగిలాయి, వాటినే సాగదీసి తెర నింపారు. నౌకలు మసకబారడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు చిరాకు మనిషీ గ్రాఫిక్సూ కలిసి ఉన్న షాట్లతోనే. స్టేషన్ అధికారి ఇవనోవా కంట్రోల్ గదిలో నిలబడి ఉంటుంది, వెనక కిటికీలోంచి ఓ నౌక పోతుంటుంది. ఆ షాట్ మొత్తం కోతకు గురైందే కాబట్టి ఆమె ముఖం కూడా మెత్తబడిపోతుంది. వెంటనే వచ్చే క్లోజప్‌లో మళ్లీ పదునుగా కనిపిస్తుంది. ఇలా ఎపిసోడ్ పొడుగునా జరుగుతూనే ఉంటుంది.

2021 రీమాస్టర్‌కి ఫిల్మును మళ్లీ స్కాన్ చేసి, ఫ్రేమును 4:3లోనే ఉంచి, గ్రాఫిక్స్ పరిమాణం పెంచారు. అవి 1990ల రెండర్లే, ఈ కాలపు నౌకల్లా కనిపిస్తాయని ఆశపడకండి. కానీ ఫ్రేము ఎక్కడా తెగదు. గ్రహాంతర రాయబారి జికార్ చర్మం మీది మచ్చలు చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. 2023 చివర్లో వచ్చిన బ్లూరేలోనూ 4:3 బొమ్మే.

టీవీలో పక్కల నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. జూమ్ పెట్టారంటే డీవీడీలో పడిన కోతే మళ్లీ పడుతుంది. మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి, లేకపోతే వేగంగా తిరిగే చిన్న ఫైటర్ నౌకలైన స్టార్‌ఫ్యూరీల అంచులు చెదిరిపోతాయి. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి, ఎక్కువుంటే రెండర్ల చుట్టూ తెల్లటి అంచు కనబడుతుంది.

ఎప్సిలన్_మూడు:
వరుస గురించి.

ముందు పైలట్ ‘ద గ్యాదరింగ్’. 1993లో ప్రసారమైన కూర్పు ఒకటి, 1998లో కేబుల్ చానెల్ టీఎన్‌టీ కోసం మళ్లీ ఎడిట్ చేసింది ఒకటి. రెండోదే పెట్టండి, బిగువుగా ఉంటుంది, సంగీతం కూడా సిరీస్‌కి పనిచేసిన క్రిస్టఫర్ ఫ్రాంకేది. కొత్తవారికి ఒక్క మాట ముందే చెప్పండి: ఇందులోని డాక్టర్ కైల్, తకాషిమా సిరీస్‌లో ఉండరు, మిన్‌బారి రాయబారి డెలెన్ మేకప్ మారిపోతుంది. అయినా పైలట్ దాటెయ్యకూడదు. టెలిపాత్ లైటా, కాష్ అనే గ్రహాంతర రాయబారి మనసులోకి చూసిన ఆ కాస్త సీను తర్వాతి సీజన్లలో ఆమె కథంతటికీ పునాది.

టీవీ సినిమా ‘ఇన్ ద బిగినింగ్’ పేరు చూసి దాన్ని మొదట పెట్టారో, కొంప మునిగిందే. భూమిని తుడిచిపెట్టే ఊపులో ఉన్న గ్రహాంతర జాతి మిన్‌బారి ఉన్నట్టుండి ఎందుకు లొంగిపోయారు? స్టేషన్ కమాండర్ సింక్లేర్‌కి గుర్తులేని ఆ 24 గంటల్లో ఏం జరిగింది? మొదటి సీజన్ నడిచేదే ఈ ప్రశ్నల మీద. ఆ సినిమా జవాబులన్నీ ఒకేసారి చేతిలో పెట్టేస్తుంది. 4వ సీజన్ అయ్యాక చూడండి. ‘థర్డ్‌స్పేస్’ కథ 4వ సీజన్ మధ్యలో జరుగుతుంది, ‘ఇంటు ద ఫైర్’ (4వ సీజన్, 6) దాటాక ఎప్పుడైనా చూడొచ్చు, వదిలేసినా నష్టం లేదు. ‘ద రివర్ ఆఫ్ సోల్స్’, ‘ఎ కాల్ టు ఆర్మ్స్’ రెండూ 5వ సీజన్ తర్వాతి సంగతులు. ‘ఎ కాల్ టు ఆర్మ్స్’ నుంచే ‘క్రూసేడ్’ అనే కొనసాగింపు సిరీస్ మొదలవుతుంది, అది 13 ఎపిసోడ్లకే ఆగిపోయింది.

కాలక్రమం పట్టింపు ఉంటే సిరీస్ ఆఖరి ఎపిసోడ్ ‘స్లీపింగ్ ఇన్ లైట్’ను వీటన్నిటికీ చివర పెట్టుకోండి, అది జరిగేది 2281లో.

మూడోకిటికీ:
చివరి మాటతో ఏకీభవించను. ‘ఆబ్జెక్ట్స్ ఎట్ రెస్ట్’ (5వ సీజన్, 21) వీడ్కోళ్ల ఎపిసోడ్, దాని వెంటనే ‘స్లీపింగ్ ఇన్ లైట్’ రావాలి. మధ్యలో రెండు సినిమాలు, 13 ‘క్రూసేడ్’ ఎపిసోడ్లు దూరిస్తే ఆ బరువంతా ఆవిరైపోతుంది. సినిమాలు తర్వాతే చూడండి.

ఇక మొదటి సీజన్. ఎపిసోడ్ బాగుందా లేదా అని చూసి వదలకండి, అందులోంచి తర్వాత ఏ దారం లాగారో చూసి వదలండి. ఆ లెక్కన ‘ఇన్‌ఫెక్షన్’ (4), ‘టీకేవో’ (14), ‘గ్రెయిల్’ (15) పోయినా కథ ఆగదు. ‘టీకేవో’లో ఇవనోవా తండ్రి కోసం సంతాపం పాటించే భాగం ఉంది, వీలైతే అదొక్కటీ చూడండి.

విడి కథల్లా కనిపిస్తూ బోల్తా కొట్టించేవి వేరే ఉన్నాయి. ‘ద క్వాలిటీ ఆఫ్ మెర్సీ’ (21)లో ఒకరి ప్రాణశక్తిని ఇంకొకరికి ఎక్కించే యంత్రం వస్తుంది. ‘ఎండ్‌గేమ్’ (4వ సీజన్, 20)లో మార్కస్ తీసుకునే నిర్ణయం దాని మీదే ఆధారపడింది. యంత్రం ముందే తెలియకపోతే అది రచయిత అప్పటికప్పుడు కల్పించినట్టు ఉంటుంది. ‘ఎ వాయిస్ ఇన్ ద వైల్డర్‌నెస్’ (18, 19) చూడకపోతే ‘వార్ వితౌట్ ఎండ్’లో గ్రేట్ మెషీన్ అనే భారీ యంత్రం ఎక్కడిదో అర్థంకాదు. ‘మైండ్ వార్’ (6)లో టెలిపాత్ పోలీసు బెస్టర్ మొదటిసారి కనిపిస్తాడు.

మళ్లీ చూసేవాళ్లకి పండగంతా ఈ సీజన్‌లోనే ఉంది. మొట్టమొదటి ఎపిసోడ్‌లోనే సెంటారీ రాయబారి లోండో తన చావు గురించి కన్న కల సింక్లేర్‌కి చెప్తాడు: ఇంకో 20 ఏళ్లకి, ముసలితనంలో, తన చేతులు జికార్ గొంతు చుట్టూ, జికార్ చేతులు తన గొంతు చుట్టూ. మొదటిసారి విన్నప్పుడు అది పాత పగ. ‘వార్ వితౌట్ ఎండ్’లో లోండో భుజం మీద అతన్ని ఆడించే పరాన్నజీవి కీపర్‌ని చూశాక, ఆ చావుని లోండోయే అడిగి తెచ్చుకుంటాడని తెలుస్తుంది. కలలో ఒక్క ముక్క కూడా మారలేదు, దాని అర్థమే తలకిందులైంది. ‘సైన్స్ అండ్ పోర్టెంట్స్’ (13)లో షాడోలనే ప్రాచీన శత్రుజాతి తరఫున వచ్చిన మోర్డెన్ అందరినీ ‘నీకేం కావాలి?’ అని ఒకే ప్రశ్న అడుగుతాడు కదా, అప్పుడు జికార్ జవాబు గమనించండి. సెంటారీల నాశనం కావాలంటాడు, ఆ తర్వాత ఏం కావాలో చెప్పలేకపోతాడు. మోర్డెన్ అతన్ని వదిలి లోండో దగ్గర ఆగేది అందుకే.

తోకచుక్క:
చాలా థాంక్సండి. 4వ సీజన్ పరుగు సంగతేంటి? కొత్తవారు తట్టుకుంటారా? రాత్రికి రెండు ఎపిసోడ్ల చొప్పున అనుకుంటున్నాం.

ఎప్సిలన్_మూడు:
‘స్లీపింగ్ ఇన్ లైట్’ విషయంలో మూడోకిటికీ గారు చెప్పిందే సబబు, నా వరుస అక్కడ సవరించుకోండి.

5వ సీజన్ వస్తుందో రాదో తెలియక సిరీస్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ముఖ్యమైన ముడులన్నీ 4లోనే విప్పేశారు. షాడో యుద్ధం 6వ ఎపిసోడ్‌కే ముగిసింది, భూమి మీది పోరు 20కి. ముగింపు ‘స్లీపింగ్ ఇన్ లైట్’ కూడా అప్పుడే తీసేశారు. ఆ తర్వాత టీఎన్‌టీ 5వ సీజన్‌కి ముందుకు రావడంతో దాన్ని పక్కన పెట్టి, 4కి వేరే ముగింపు ఎపిసోడ్ తీశారు. 5వ సీజన్‌లో కనిపించని ఇవనోవా ఆఖరి ఎపిసోడ్‌లో ఉండటానికి కారణం ఇదే. కొత్తవారు తప్పకుండా అడుగుతారు.

రాత్రికి రెండు చాలు, కొన్నిచోట్ల తప్ప. 3వ సీజన్‌లో 8, 9, 10 ఒక్క బిగిన చూడండి, 10వది ‘సెవర్డ్ డ్రీమ్స్’, దానికి హ్యూగో అవార్డు వచ్చింది. ‘వార్ వితౌట్ ఎండ్’ (3వ సీజన్, 16, 17) ముందు మొదటి సీజన్ 20వది ‘బాబిలోన్ స్క్వేర్డ్’ మళ్లీ ఒకసారి వెయ్యండి. అవే సీన్లు అటువైపు నుంచి వస్తాయి, మధ్యలో రెండు సీజన్లు గడిచాక కొత్తవారికి వివరాలు గుర్తుండవు. 4లో మొదటి 6 అయ్యాక ఓ రోజు విరామం ఇవ్వండి. 5వ సీజన్ మొదటి సగంలో టెలిపాత్‌ల నాయకుడు బైరన్ కథ సాగుతుంది, అక్కడ నీరసపడొద్దని చెప్పండి, ‘ద ఫాల్ ఆఫ్ సెంటారీ ప్రైమ్’ (18) కోసం అదంతా ఓర్చుకోవచ్చు.

రెండర్‌గది:
ఇంకోటి. టైటిల్స్ ‘స్కిప్’ నొక్కకండి. వ్యాఖ్యానం ఏటా మారుతుంది: మొదట సింక్లేర్, తర్వాత 2వ సీజన్ నుంచి స్టేషన్ నడిపే షెరిడన్, 3లో ఇవనోవా, 4లో ఒక్కో వాక్యం ఒక్కొక్కరు. అలాగే ఆటోప్లే ఆపెయ్యండి, లేకపోతే చివరి టైటిల్స్ తెగిపోతాయి. ఇంకో విశేషం: ‘స్లీపింగ్ ఇన్ లైట్’లో స్టేషన్ దీపాలు ఆర్పే టెక్నీషియన్ స్ట్రాజిన్‌స్కీయే.